అడ్రసే కదా

జమ్మలమడుగు బస్టాండు దాటి బస్సు ముద్దనూరు దారి పట్టగానే గురవమ్మ మళ్లీ ఆ నంబరుకు ఫోన్ చేసింది. మళ్లీ అదే గొంతు, మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం స్విచాఫ్ చేయబడి ఉన్నది, ఎంత నిమ్మళంగా చెబుతుంది ఈమె, ఎవరింట్లో ఏం జరుగుతున్నా ఈమెకు ఇదే నిమ్మళం, ఫోన్ ఆపేసింది వాళ్లేనా, లేక ఆపేసే మనిషే లేకుండా పోయాడా. ఆ ఆలోచనను సగంలోనే తుంచేసి ఫోనును ఒళ్లో బోర్లా పెట్టుకుంది. కిటికీ ఊచ ఎండకు కాలుతోంది. పులివెందుల చేరడానికి ఇంకా గంట పైనే, ఇది ప్రతి ఊరి దగ్గరా ఆగే బస్సు, కారు మాట్లాడుకోవాల్సింది, కానీ ప్రొద్దుటూరులో ఏ కారు మాట్లాడినా డ్రైవరు తమ్ముడికి తెలిసినవాడే అవుతాడు, మీ యక్క యాడికో పోతాందే అని ఆ క్షణమే వాడి చెవిన వేస్తాడు. అందుకే బ్యాంకుకు పోయొస్తానని చెప్పి బయలుదేరింది, జమ్మలమడుగులో బస్సు మారింది, చున్నీ తల మీదికి లాక్కుని డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

ఈ వేళకు తాను మేడ మీద గదిలో, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని మీటింగులో ఉండాలి. డబ్లిన్‌లో పై అధికారి కేథరిన్, మనీలాలో ఇద్దరు కుర్రవాళ్లు, ప్రొద్దుటూరులో 'గురు', అందరూ ఆమెను అలాగే పిలుస్తారు, గురవమ్మ అనే పేరు వాళ్లకు నోరు తిరగదు. నలభై దేశాల్లో సామాన్లు ఇళ్లకు చేరవేసే కంపెనీ అది. కొన్నవాళ్ల వివరాలు బయటికి పొక్కకుండా చూడటం వీళ్ల పని. హైదరాబాదు ఆఫీసులో మొదలైన ఉద్యోగం, కరోనా వచ్చినప్పుడు ఇంటికి వచ్చేసింది, మళ్లీ పోలేదు. పెళ్లి జోలికి పోని అక్క మేడ మీద, తమ్ముడి కుటుంబం కింద. అంతా బాగానే ఉండింది, పోయిన వారం డబ్బాలు చేరవేసే ఒక చిన్న కాంట్రాక్టు సంస్థలో ఎవరో దొంగ పేజీని నిజమైనదనుకుని పాస్‌వర్డ్ కొట్టేదాకా. అంతే. అక్కడి నుంచి దూరినవాళ్లు కంపెనీని బెదిరించారు, కంపెనీ లొంగలేదు, వాళ్లు ఫైలు మొత్తం ఇంటర్నెట్లో ఊరి మీద పారేశారు. కార్డు నంబర్లు అందులో లేవు, పాస్‌వర్డులు లేవు, పేరూ ఫోనూ అడ్రసూ మాత్రమే, అడ్రసే కదా అన్నాడు మనీలా కుర్రవాడు, అందరూ గట్టిగా ఊపిరి వదిలారు, గురవమ్మ కూడా వదిలింది. కంపెనీ నిబంధనల ప్రకారం ఇలాంటి నష్టానికి 'తక్కువ' అని రాయాలి. ఆమే రాసింది.

అడ్రసుతో పాటు ఇంకొకటి ఉందని అప్పటికి ఎవరూ లెక్క చేయలేదు. డబ్బా తెచ్చేవాడికి దారి చెప్పడానికి జనం రాసుకునే నాలుగు ముక్కలు. గేటు దగ్గర కుక్క ఉంది, కరవదు. అమ్మకు చెవులు వినపడవు, గట్టిగా తట్టండి. మా ఆయన కువైట్‌లో ఉంటాడు, చీకటి పడ్డాక రావద్దు. తాళంచెవి పూలకుండీ కింద ఉంటుంది. ఎన్ని భాషల్లో, ఎన్ని దేశాల్లో, తమ వాకిలికి ఎలా రావాలో మొహం తెలియని మనిషికి నమ్మి చెప్పుకున్నారు, ఆ మొహం తెలియని మనిషి ఇప్పుడు ఎవరైనా కావచ్చు. నిన్న మన జిల్లా వివరాలు ఎంతవరకు పోయాయో చూద్దామని ఊరికే తిప్పుతుంటే ఒకచోట ఆమె వేలు ఆగిపోయింది. పేరు పెట్టి పిలవద్దు. పక్కింట్లో అడగొద్దు. గేటు కాడికొచ్చి ఫోన్ చేస్తే నేనే వస్తా. ఇంత భయం ఎవరిదబ్బా అని పైకి చూస్తే, ఖమ్రున్నీసా, భర్త రహమతుల్లా, పులివెందుల.

రహమతుల్లా మామ జీపు. ముందు సీటు కోసం పిల్లలంతా కొట్టుకునేవాళ్లు, గురవమ్మ చిన్నగా ఉండేదని గేరు రాడ్‌కు ఇవతల ఇరికించి కూర్చోబెట్టుకునేవాడు, ఊరి నుంచి జమ్మలమడుగు బడికి, సాయంత్రం మళ్లీ ఊరికి, దారిలోని వంక వాగు దిగేటప్పుడు పట్టుకోండి పాపల్లారా అనేవాడు, డీజిలు వాసన, బీడీ వాసన, ఖమ్రున్నీసా రంజానుకు గిన్నె నిండా పంపే సేమియా వాసన. ఆ ఊరు ఇప్పుడు గండికోట ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది, బడి దారి, వంక, రహమతుల్లా ఇంటి ముందరి బండరాయి, అన్నీ నీళ్ల కిందే. ఊరు మునిగినా ఊళ్లో జరిగినవి మునగవేమో, ఎక్కడికి పోయినా మనుషులతో పాటు వస్తాయేమో, ఈ పొద్దు ఇట్లా బస్సెక్కి కూర్చుంటాయేమో.

బస్సు కీచుమని ఆగింది. ఎన్నికల చెక్‌పోస్టు. ఇద్దరు పోలీసులు ఎక్కి సంచులు తడిమారు, ఒకాయన ఆమె హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి చూసి మూసేశాడు, డబ్బు కోసం, మందు కోసం వెతుకుతున్నారు, ఈయనకు చెబితే ఏమవుతుంది, సార్, పులివెందులలో ఒక మనిషిని చంపబోతున్నారు, ఎవరమ్మా, ఎక్కడమ్మా, నీకెట్ల తెలుసమ్మా, ఆయన ఇంకొకాయనకు చెబుతాడు, ఆ అడ్రసును మళ్లీ తానే నలుగురి నోళ్లలో వేసినట్టవుతుంది, పోలీసుల మీద అపనమ్మకం కాదు, ఎవరి ఫోను ఏ వాట్సాప్ గ్రూపులో ఉందో తెలియదు, తన ఇంట్లోని ఫోనే ఉంది. పోలీసులు దిగారు. బస్సు కదిలింది.

పొద్దున ఇడ్లీ తింటూ ఆ మాట అన్నది తమ్ముడే. చెన్నకేశవులు పార్టీలో మండలం దాకా ఎదిగాడు, ఎన్నికలు దగ్గర పడ్డాక ఇంట్లో ఉండేదే తక్కువ. ఎవరో గ్రూపులో ఒకటి పెట్టారంట, పిన్‌కోడు కొడితే చాలు, ఎవరు ఎక్కడున్నారో ఫోన్ నంబర్లతో సహా వస్తుందంట, ఓట్ల పనికి బాగుందని కుర్రాళ్లంతా దాన్నే పట్టుకున్నారంట. గురవమ్మ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేసింది, అది తన కంపెనీ ఫైలే. వాడికి ఆ సంగతి తెలియదు.

"అక్కా, రహమతుల్లా దొరికినాడు," అన్నాడు, చట్నీ వేసుకుంటూ. "పులివెందులలో ఉండాడంట."

"ఎవురు చెప్పినారు నీకు?"

"గ్రూపులో ఒగాయప్ప పెట్టినాడు, ఈ ఖమ్రున్నీసా వాని పెండ్లామేనా అని. నేను ఊ అన్నా, అంతే."

"ఆ గ్రూపులో నాయన కేసులో జైలుకు పోయొచ్చినోళ్లు గూడా ఉండారు గదరా."

"ఉంటే? ఇప్పుడు వాళ్లూ మన పార్టీనే." వాడు తల ఎత్తలేదు. "మనమేం చెయ్యల్యా. వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. నాయన చచ్చిపోయిన నాడు బండి తోలింది ఎవురు?"

ఆ తరువాత ఇడ్లీ తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కూతురి జడ లాగి నవ్వించి, మోటారు సైకిలెక్కి ప్రచారానికి పోయాడు. అంత తేలికగా. తన తమ్ముడు చెడ్డవాడు కాదు, ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు, ఊ అన్నాడు, అంతే. ఆమె మేడెక్కి కేథరిన్‌కు ఫోన్ చేసింది, అక్కడ ఇంకా తెల్లవారలేదు, కేథరిన్ నిద్రలోంచి లేచి విన్నది, మధ్యలో అడ్డు రాలేదు, చివరికి చాలా మెత్తగా చెప్పింది, నీ మాట లాయర్లకు పంపిస్తాను గురు, వాళ్లు ఒప్పుకునే దాకా నువ్వు ఏ కస్టమర్‌తోనూ మాట్లాడకూడదు, ఒకరికి చెప్పి కోట్లమందికి చెప్పకపోతే రేపు కోర్టులో ఏమంటారో ఆలోచించు. ఆలోచించింది. కోట్లమంది. అంత పెద్ద అంకెలో మనిషి కనబడడు, ఉప్పు గింజంత కూడా కనబడడు. కేథరిన్‌ది తప్పని కూడా అనలేకపోయింది. చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

ముద్దనూరులో టీ కోసం బస్సు ఆపారు. ఆమె దిగలేదు. టీకొట్టు ముందు తెల్లటి బండి ఒకటి నిలబడి ఉంది, అద్దాలు నల్లవి, పక్కన ఐదారుగురు తెల్లచొక్కాలవాళ్లు, ఒకడు ఫోను చూస్తూ ఇంకొకడికి చూపిస్తున్నాడు, ఇద్దరూ తల ఊపుకుంటున్నారు. గురవమ్మ ముందుకు వంగి చూసింది. వీళ్లేనా, వీళ్లయితే బస్సు కంటే ముందే పోతారు, తాను చేరేసరికి సందు నిండా జనం ఉంటారు, ఆడవాళ్ల ఏడుపు ఉంటుంది, దూరంగా నిలబడి చూసి మళ్లీ ఇదే బస్సెక్కి రావాలి. బండి తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి పట్టుచీర కట్టుకున్న ముసలామె, మెళ్లో పూలమాల ఇంకా తీయని పెళ్లికొడుకు. ఆమె వెనక్కి జారగిలబడింది. నవ్వు రావాల్సింది, రాలేదు. నాయన కూడా ఇట్లాగే భయపడి ఉంటాడా, జీపు శబ్దం విన్నప్పుడు, లేదు, నాయన భయపడి ఉండడు, అది రహమతుల్లా జీపు, రోజూ కూతురిని బడి నుంచి తెచ్చే జీపు, ఆ శబ్దానికి పక్కకు జరిగి నిలబడి చెయ్యి కూడా ఊపి ఉంటాడు.

నాయన గంగులయ్య గొర్రెలు కాసుకునే మనిషి. ఎవరో అడిగితే ఆ ఏటి ఎన్నికలకు పోలింగు ఏజెంటుగా కూర్చున్నాడు, ఒకడే మూడోసారి ఓటెయ్యడానికొస్తే ఇది కుదర్దప్పా అన్నాడు, జీవితంలో ఆయన చేసిన రాజకీయమంతా ఆ ఒక్క మాటే. తరువాత వంక దగ్గర జీపు ఆగింది, ఐదుగురు దిగారు. గొర్రెలు మాత్రమే ఇంటికి వచ్చాయి, వాటంతట అవే, గురవమ్మ అప్పుడు వాకిట్లో కూర్చుని ఎక్కాలు రాస్తోంది. కోర్టులో ఊరు ఊరంతా మేం చూడలేదన్నారు, చూసినవాళ్లు కూడా. రహమతుల్లా ఒక్కడే బోనెక్కి, బండి నాదే సార్, తోలింది నేనే, గొంతు మీద కత్తి పెట్టినారు తోలినా, దిగింది వీళ్లే అని ఒక్కొక్కరిని వేలు పెట్టి చూపించాడు. ఐదుగురికీ యావజ్జీవం పడింది. ఆ వారమే ఆయన ఇల్లు తగలబడింది, మొగుడూ పెళ్లాం బిడ్డను ఎత్తుకుని ఎటు పోయారో తెలియదు, తీర్పు ఇచ్చిన రోజు మాత్రం ఖమ్రున్నీసా కోర్టు వరండాలో అమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది, ఏమీ అడగలేదు, నిలబడింది, అమ్మ మొహం తిప్పుకుంది. చాలా ఏళ్ల తరువాత, మంచం పట్టినప్పుడు, అమ్మ ఉన్నట్టుండి అంది, వాడు నిజం చెప్పినాడు పాపా, అంతకు ముందు బండి తోలినాడు, రెండూ నిజమే, దేన్ని పట్టుకోవాల్నో నాకు తెలియలేదు. గురవమ్మకు కూడా తెలియదు. ఈ బస్సులో కూర్చుని కూడా తెలియదు. దిగిపోవచ్చు, వచ్చే ఊళ్లో దిగి వెనక్కి పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు, ఉద్యోగం ఉంటుంది, తమ్ముడు ఉంటాడు, సాయంత్రం మీటింగులో ఆ 'తక్కువ' అనే మాట అట్లాగే ఉంటుంది. ఒక ఊరు వచ్చింది, పోయింది. ఇంకొకటి వచ్చింది. ఆమె లేవలేదు.

పులివెందులలో ఎండ నెత్తి మీద ఉంది. ఫైలులో చదివిన దారి కంఠతా వచ్చేసింది, ఎవరినీ అడగలేదు, మసీదు వెనక సందు, నీళ్ల ట్యాంకు, ఆకుపచ్చ గేటు. సందులో ఎవరూ లేరు. ఒక ఇంట్లో టీవీ మోగుతోంది. తలుపు తట్టింది. తలుపు జానెడు తెరుచుకుంది, ముగ్గుబుట్టలాంటి తల, అవే కళ్లు.

"ఎవురు కావాల?"

"నేను గురవమ్మను. గంగులయ్య కూతుర్ని."

తలుపు మూసుకోలేదు, తెరుచుకోలేదు. లోపల దగ్గు వినిపించింది. "రానీ ఖమ్రూ," అన్నాడు ఎవరో. "రానీ."

రహమతుల్లా మంచం మీద కూర్చుని ఉన్నాడు. స్టీరింగు నిండా ఉండే ఆ చేతులు పుల్లల్లా అయ్యాయి. ఆమె భుజం వెనక ఇంకెవరున్నారో అని చూశాడు, ఎవరూ లేరని తెలిసినా చూస్తూనే ఉన్నాడు.

"ఒగదానివే వచ్చినావా?"

"ఒగదాన్నే మామా," అంది. ఇన్నేళ్ల తరువాత ఆ మాట దానంతట అదే వచ్చింది.

"మీ ఇంటినుంచి ఎప్పుడన్నా ఎవురో ఒగరు వస్తారని అనుకుంటానే ఉండా. అడగల్సింది అడుగమ్మా."

"అడిగేదానికి రాలేదు మామా. మీరు ఈడ ఉండారని తెలిసిపోయింది. ఫోన్లలో తిరుగుతాంది. ఇప్పుడే లేచి పోవాల."

"నిన్నటి నుంచి ఎవురో ఫోన్ చేసి ఉలక్కుండా పలక్కుండా పెట్టేస్తాండారు," అంది ఖమ్రున్నీసా. "అందుకే ఆపేసినా."

రహమతుల్లా మంచం మీద ముందుకు జరిగాడు. "ఎవురు చెప్పినారు?"

దొంగలు చెప్పారనవచ్చు. తమ్ముడు చెప్పాడనవచ్చు. "మా కంపెనీ మామా. మీరు సామాన్లు తెప్పిచ్చుకునేది మా కంపెనీ నుంచే. మీ అడ్రసు జాగర్తగా పెట్టల్సింది మేమే. పెట్టలేకపోయినాం."

ఖమ్రున్నీసా గోడ అలమర తలుపు తీసి చూపించింది. అరనిండా ఒకేరకం అట్టపెట్టెలు. "వీటికోసరం రాసినా. ఈయప్పకు పేగు కోసి, దొడ్డికి పోయేదానికి కడుపుకు ఈ సంచి తగిలిచ్చినారు. నాలుగు దినాలకొగటి మార్చాల. ఈ ఊర్లో దొరకవు, కడపలో అడిగితే ల్యావన్నారు. మొదట్ల వేరే పేరు రాసినా, ఆధార్ కార్డులో పేరు కలవల్యాదని డబ్బా తెచ్చినోడు వెనక్కి తీస్కపోయినాడు. మూడు దినాలు గుడ్డలు చుట్టి పెట్టుకున్యాడు ఈయప్ప. ఇంగ నా పేరే రాసినా." తప్పు చేసినట్టు చెప్పింది.

అప్పుడు బయట మోటారు సైకిలు ఆగింది.

"రహమతుల్లా," అని ఒక గొంతు, పరిచయం ఉన్నవాళ్లు పిలిచినట్టు. "రహమతుల్లా భాయ్."

ఎవరూ కదల్లేదు. గురవమ్మకు ఒక క్షణం కోర్టు వరండా కనబడింది, అమ్మ తిప్పుకున్న మొహం కనబడింది, మరుక్షణం తన కాళ్లు వాకిలి వైపు నడుస్తున్నాయి. తల మీది చున్నీ తీసేసింది. నుదుటి మీద బొట్టు బాగా కనబడాలి. గేటు దగ్గర ఇద్దరు, ఒకడు బండి దిగలేదు, రెండోవాడి చేతిలో ఫోను.

"ఎవురప్పా?"

"రహమతుల్లా ఇల్లు ఇదేనా?"

"ఆ పేరుగలోళ్లు ఎవురూ ల్యారే. మేం ఈ నెలే బాడిగకు దిగినాం. ముందరుండేటోళ్లు సాయిబులంట, ఖాళీ చేసి పోయినారు."

"యాడికి పోయినారు?"

"మాకేం తెలుసప్పా. మీరు గనక కలిస్తే చెప్పండి, కరెంటు బిల్లు కట్టకుండా పోయినారు."

వాడు ఫోను వైపు చూశాడు, గేటు వైపు చూశాడు, ఆమె బొట్టు వైపు చూశాడు. బండి మీదివాడు ఏదో గొణిగాడు. వెళ్లిపోయారు, కానీ సందు చివర ఆగి ఎవరికో ఫోన్ చేస్తున్నారు, కనుక్కుని మళ్లీ వస్తారు, ఎంతసేపట్లోనో తెలియదు. ఆమె గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. అప్పటికే ఖమ్రున్నీసా అట్టపెట్టెలను దుప్పట్లో మూట కడుతోంది, బట్టలు కాదు, పెట్టెలే ముందు, ఇల్లు విడిచిపోవడం ఆ చేతులకు అలవాటే.

గురవమ్మ ఫోను మోగింది. కేథరిన్. ఎత్తింది.

"గురు, ఎక్కడున్నావు? అందరూ నీకోసం చూస్తున్నారు."

"ఒక కస్టమర్ ఇంట్లో ఉన్నాను. చెప్పేశాను." వాకిలి వైపు చూసింది. "ఇప్పుడే ఆయన కోసం మనుషులు వచ్చి పోయారు, నేను కళ్లారా చూశాను. నేను రాసిన ఆ 'తక్కువ' కొట్టేసి, ఇది రాయి. ఇట్లాంటి ఇళ్లు ఇంకెన్ని ఉన్నాయో మనకు తెలియదని కూడా రాయి. ఈ రోజే అందరికీ చెప్పమను."

"దీనివల్ల నీకేమవుతుందో తెలుసా?"

"తెలుసు," అని పెట్టేసింది. నిజానికి పూర్తిగా తెలియదు. ఉద్యోగం పోవచ్చు, కేసు పెట్టవచ్చు, సాయంత్రం తమ్ముడి మొహం ఎలా చూడాలో అసలే తెలియదు, అవన్నీ ఆ సందు బయట ఎక్కడో ఎండలో నిలబడి ఉన్నాయి, తరువాత వాటి దగ్గరికి పోవచ్చు.

వెనక తలుపు లోంచి ట్యాంకు పక్కకు వచ్చారు. రహమతుల్లా కడుపు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, గురవమ్మ భుజం ఆసరాతో నడిచాడు, బరువే లేడు. దొరికిన ఆటో ఎక్కించింది. బిడ్డ ఏ ఊర్లో ఉందో చెప్పబోయింది ఖమ్రున్నీసా.

"నాకు చెప్పొద్దు," అంది గురవమ్మ. "యాడికి పోతాండారో నాకు తెలియకుండానే ఉండనీ."

ఖమ్రున్నీసా తల ఊపింది. ఒళ్లో మూట సర్దుకుంది, దాని మీద చేత్తో తడిమి చూసుకుంది. "ఇవి రెండు నెలలకొస్తాయి," అంది. "ఆ తర్వాత ఏ పేరు రాయాలమ్మా? ఏ ఊరని రాయాల?"

పన్నెండేళ్లుగా ఆమె ఉద్యోగం ఇదే, జనం పేర్లు, ఊర్లు భద్రంగా దాచడం. ఆటోవాడు హారన్ కొట్టాడు.

"నా పేరు రాయండి," అంది. "ప్రొద్దుటూరు. మా ఇంటికే రానీ. నువ్వు ఏ బస్టాండు కాడికి రమ్మంటే ఆడికి నేను తెచ్చిస్తా."

"ఆ ఇంట్లో మీ తమ్ముడు ఉంటాడు గదమ్మా."

"ఉంటాడు. డబ్బా మీద పేరు నాది ఉంటాది."

రహమతుల్లా ఇంతసేపూ రోడ్డు వైపే చూస్తున్నవాడు ఇటు తిరిగాడు. ఖమ్రున్నీసా మరిచిపోకుండా ఉండటానికన్నట్టు మెల్లగా పలికింది, గురవమ్మ, ప్రొద్దుటూరు. ఆగి, అడగవచ్చో లేదోనన్నట్టు అడిగింది.

"నాయన పేరు గూడా అడుగుతారు. రాయొచ్చునా?"

"రాయండి," అంది గురవమ్మ. "గంగులయ్య."